మంచు టైర్లు

మంగళవారం బోర్డు మీటింగు.
"రాబోయే ఐదేళ్లకు మన ప్రాధాన్యాలు",
పన్నెండు స్లైడ్లు కావాలన్నారు.
మొదటి దాని మీద నా పేరుంది,
వెర్నా లాహ్తి, డైరెక్టర్.
దాని కింద అంతా తెలుపు.
కిటికీ అవతలా అదే తెలుపు,
సుపీరియర్ సరస్సు మీంచి వచ్చి రాత్రంతా కురిసింది.

లేచి వెళ్లి ఒడీల్ కారెక్కాను.

పద్నాలుగేళ్లుగా ఇల్లిల్లూ తిరిగి
ఒళ్లు తుడిచే మనిషి, గోళ్లు తీసే మనిషి,
పుండు పడకుండా పక్క మార్చే మనిషి.
ఆమెకి గంటకిచ్చేది
హైవే మీద బర్గర్లమ్మే కుర్రాడి కన్నా
నలభై సెంట్లు తక్కువ.
ఆ కాగితం కింద సంతకం నాది.

వెనక సీట్లో డైపర్ల పెట్టె, ఉప్పు సంచి, పార,
ఎవరి తల్లో పోయాక ఎవరో ఇచ్చిన
బ్లూబెర్రీ జామ్ సీసా.
గని వంపు దగ్గర బండి జారింది.
ఒక్క క్షణం ప్రాణాలు మా ఒంట్లో లేవు.
"టైర్లు అరిగాయి" అంది
టైమెంతైందో చెప్పినట్టు.
నా డబ్బుతో కొనిస్తానన్నాను.
రోడ్డు మీంచి చూపు తిప్పకుండా,
"మిగతా పదకొండు మందికి?" అంది.

తట్టకముందే తలుపు తీసింది హిల్కా.
ఆర్వో పెల్కొనెన్ మంచాన్ని
వంటింటి కిటికీ దగ్గరికి లాగారు,
పిట్టలు గింజలు తినడం కనిపించేలా.
నలభయ్యేళ్లు రాగి గనిలో తాగిన దుమ్ము
ఇప్పుడు ఛాతీలో ఈల వేస్తోంది.
ఒడీల్ చేతులు కడుక్కుని,
చంకల్లో దోపుకుని,
అవి వెచ్చబడేదాకా నిలబడింది.
మా శిక్షణ పుస్తకంలో ఈ పేజీ లేదు.

"ఈవిడెవరు?" అన్నాడాయన.
"ఆఫీసు నుంచి."
"ఆఫీసుకి వీపు తుడవడం వచ్చా?"
తువ్వాలు నా చేతికొచ్చింది.
వీపు కాదది, ఎముకల నిచ్చెన.
మెట్టు మెట్టుకీ భయపడుతూ దిగాను.

కాఫీ కాచింది హిల్కా.
కప్పు మూతి దగ్గర పెడితే
వాసన చూసి మొహం తిప్పుకున్నాడు.
ఎవరికి ఎన్ని రోజులో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్
నా ట్యాబ్లెట్‌లో ఆయన పేరు పక్కన
ఇంకా పసుపే చూపిస్తోంది.
ఒడీల్ హిల్కా భుజం మీద చెయ్యేసి
"అబ్బాయికి ఫోన్ చెయ్యి, ఇవాళే" అంది.

చావు కబురు చల్లగా చెప్పడమంటే
రాయిలా చెప్పడమనుకునేదాన్ని.
కాదు,
జ్వరం మీద తడిగుడ్డంత చల్లగా కూడా చెప్పొచ్చు.

బయల్దేరుతుంటే హిల్కా నన్ను ఆపింది.
"శనివారం రాత్రి రెండింటికి ఊపిరాడలేదు ఆయనకి.
మీ నంబరుకు చేశాను.
పాట వచ్చింది.
నలభై నిమిషాలు
ఆయన రొప్పు ఒక చెవిలో, పాట ఒక చెవిలో.
చివరికి ఎత్తిన పిల్ల
మా ఊరి పేరు మూడుసార్లు అడిగింది."

రాత్రి ఫోన్లని దూరపు నగరంలో
ఎవరికో గుత్తకిచ్చింది నేనే.
పొదుపు చేశావని చప్పట్లు కొట్టారు.
ఆ చప్పట్లు తిన్నగా వచ్చి
ఆ వంటింట్లో నా చెంప మీద పడ్డాయి.
క్షమించమనలేదు నేను. నోరు రాలేదు.
బూట్ల లేసు కట్టుకున్నాను, రెండుసార్లు.

ఆర్వో సోమవారం తెల్లవారుజామున పోయాడు.
కొడుకు అందాడు. పిట్టలింకా రాలేదట.
ట్యాబ్లెట్‌లో పసుపు
పదింటికి ఎరుపైంది.

మంగళవారం ఒక్క స్లైడే తీసుకెళ్లాను.
టైర్లు.
"ఇదేమైనా ఉపమానమా?" అన్నాడు ఖజానాదారు.
కాదు, టైర్లు. కారుకి నాలుగు, పన్నెండు కార్లు.
ఆ తర్వాత జీతంలో ఆ నలభై సెంట్లు, వాటి మీద ఇంకొన్ని.
ఆ తర్వాత రాత్రి రెండింటికి
మన ఊళ్ల పేర్లు తెలిసిన గొంతు ఒకటి.
దొరికేదాకా ఆ ఫోను నా దిండు పక్కనుంటుంది.
"భవిష్యత్తు ఏదమ్మా ఇందులో?" అన్నారు.
మీకు ఎనభై రెండొచ్చినప్పుడు
గని వంపు దాటి మీ ఇంటికెవరొస్తారో అదే, అన్నాను.
కొంచెం గట్టిగానే అన్నట్టున్నాను.

వచ్చే త్రైమాసికంలో చూద్దామన్నారు.

కింద ఒడీల్ కారు స్టార్టయింది.
వంపు దాకా చప్పుడు వినొచ్చేమోనని
కిటికీ తెరిచి నిలబడ్డాను.
చలి గదంతా నిండింది.
మూయమని ఎవరూ అనలేదు.